రెండో కుళాయి

బోల్టుని తిట్టకూడదంటాడు ఆర్విల్ టీగ్. తిడితే ఇంకా బిగుసుకుంటుందట. బుధవారం పొద్దున యూజీన్ ష్రామెక్ పాత పికప్ బండి వెనక మడ్‌గార్డు కింద పడుకుని అరగంట నుంచి ఒక బోల్టుని దాని ఏడు తరాలతో సహా తిడుతూనే ఉన్నాడు. ఆర్విల్ వచ్చి దాని మీద రెండు చుక్కల నూనె వేశాడు. సుత్తితో నాలుగుసార్లు మెల్లగా తట్టాడు. వెళ్లి ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని, నిలబడి తాగి, తిరిగొచ్చి రెంచి పెట్టాడు. బోల్టు ఏమీ ఎరగనట్టు తిరిగింది.

"నేను ముందే వదులు చేసిపెట్టాను కాబట్టి వచ్చింది," అన్నాడు యూజీన్ బండి కిందనుంచే.

"అయ్యుంటుంది," అన్నాడు ఆర్విల్.

పక్కన గరుకు కాగితంతో పికప్ ముందు భాగం రుద్దుతున్న డార్లీన్‌కి నవ్వొచ్చింది. అన్న యూజీన్ సంగతి ఆమెకి తెలియనిది కాదు. నలభై ఎనిమిదేళ్లొచ్చినా ఏ పనిలోనైనా గొప్ప తనకే దక్కాలి, తప్పు ఇంకొకరి ఖాతాలో పడాలి. మనసు మాత్రం చెడ్డది కాదు. ఆమె బడి వంటగదిలో పని చేస్తుంది. ఆగస్టు సెలవులన్నీ ఈ షెడ్డులోనే గడిపింది. ముక్కులో తుప్పు, గోళ్లలో తుప్పు, ఇంటికెళ్లి దుప్పటి దులిపితే తుప్పు. అయినా ఇన్నేళ్లలో ఇంత సంతోషంగా ఏ సెలవులూ గడవలేదనిపించింది.

బండి పంతొమ్మిది వందల నలభై తొమ్మిదో సంవత్సరంది. వాళ్ల నాన్న లుమీర్ కొత్తగా కొన్నది. జనవరిలో ఆయన పోయాక, మంచు కరిగి నేల మెత్తబడ్డాక, అమ్మ లిబ్బీ పిల్లలిద్దర్నీ షెడ్డులోకి తీసుకెళ్లి టార్పాలిన్ ఎత్తి చూపించింది. "దీన్ని ఎలకలకి రాసివ్వకండి. నేను బతికుండగా ఒక్కసారి దీంట్లో కూర్చుని మెయిన్ స్ట్రీట్ మీద వెళ్లాలి," అంది. ఎనభయ్యో ఏట పడింది ఆమెకి. పిల్లల్ని ఏదైనా అడగడం ఆమెకి అలవాటు లేదు. అందుకే కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

శనివారం ఊరి పండుగ. పదింటికి ఊరేగింపు. ఆలోగా బండి నడవాలి, లుమీర్ పేరు మీదున్న కాగితం పిల్లల పేరు మీదికి మారాలి, నంబరు ప్లేటు రావాలి. ప్లేటు లేని బండిని ఊరేగింపులోకి రానివ్వరు.

యూజీన్ భార్య నాడీన్ మూలన కుట్టుమిషను పెట్టుకుని సీటు తొడుగు కుడుతోంది. ఉన్నట్టుండి మిషను ఆపి, "అయ్యో, ఈ వైపు కుట్టుకి గుడ్డ వదలడం మరిచిపోయానే!" అంది.

యూజీన్ బండి కిందనుంచి తల బయటపెట్టాడు. "నీళ్లు దించావా, ఆర్విల్?"

నాడీన్ పకపకా నవ్వింది. ఆర్విల్ టోపీ అంచు ముట్టుకుని తనూ నవ్వాడు.

మా చుట్టుపక్కల ఈ మాట తెలియనివాళ్లు లేరు. ఎవరైనా ఏదైనా మరిచిపోతే అనేది ఇదే. పొయ్యి మీద కూర మాడినా, పెళ్లిరోజు గుర్తులేకపోయినా, "నీళ్లు దించావా, ఆర్విల్?" అంటాం. అరవై ఒకటో సంవత్సరం, మొక్కజొన్న ఇంకా చేలో ఉండగానే ముందుగా గడ్డకట్టే చలి పడింది. ఆ రోజుల్లో లుమీర్ లాంటి పిసినారులు నీళ్లు గడ్డకట్టకుండా ఇంజనులో కలిపే చలిమందుని కోత అయ్యేదాకా పోసేవాళ్లు కాదు. రాత్రయితే ఇంజనులో నీళ్లు దించేసి, పొద్దున మళ్లీ పోసేవాళ్లు. ఒక రాత్రి పాలేరు ఆర్విల్ దించడం మరిచిపోయాడు, నీళ్లు గడ్డకట్టి ఇంజను పగిలింది. అదీ కథ; ఆ తర్వాత బండి మళ్లీ ఎలా నడిచిందో ఎవరూ అడగలేదు. ముప్పై ఏడేళ్లయింది. దీని ముందూ వెనకా తెలియని పిల్లలు కూడా బడిలో ఈ మాట అనుకోవడం డార్లీన్ విన్నది.

మధ్యాహ్నం నాడీన్ తన కెమెరా తెచ్చింది. పత్రికవాళ్లు పండుగ పేజీకి 'తండ్రి బండిని బాగుచేసిన కుటుంబం' అని ఫొటో అడిగారు. లిబ్బీ వంటింట్లోంచి ఏప్రన్ విప్పి వచ్చింది. యూజీన్ చెయ్యి బానెట్ మీద వేసి నిలబడ్డాడు. డార్లీన్ తుప్పు చేతులు వెనక్కి పెట్టుకుంది. నాడీన్ అటూ ఇటూ చూసి కెమెరా ఆర్విల్ చేతికిచ్చింది.

"ఈ బొత్తాం నొక్కు, చాలు. అందరి తలలూ కనపడాలి సుమా!"

ఆర్విల్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని కెమెరా అందుకున్నాడు. మార్చి నుంచి రోజూ పొద్దున ఆరింటికి ఈ షెడ్డుకి వస్తున్నవాడు. కార్బురేటర్ విప్పి సబ్బునీళ్లలో కడిగి, ఒక్కో భాగాన్ని పాత తువ్వాలు మీద వరసగా ఆరబెట్టినవాడు. అతను వెనక్కి నాలుగడుగులు వేసి, ఒక కన్ను మూసి, "ఇంకొంచెం దగ్గరగా జరిగితే బాగుంటుందేమో," అన్నాడు.

డార్లీన్‌కి ఎక్కడో చురుక్కుమంది. 'ఆర్విల్, నువ్వూ రా' అనడానికి నోరు తెరిచింది. అప్పటికే యూజీన్ "తొందరగా కానియ్" అంటున్నాడు. ఆమె నోరు మూసుకుని జుట్టు సర్దుకుంది. ఫొటో అయిపోయింది.

గురువారం ఇంజను వంతు. యూజీన్ రేడియేటర్ బిగించి, దాని అడుగున ఉన్న కుళాయి తిప్పి చూశాడు.

"ఇంజను పక్కన ఉన్నది కూడా ఒకసారి చూస్తే మంచిదేమో," అన్నాడు ఆర్విల్. ఇతని మాటలన్నీ ఇలాగే 'ఏమో'లతో ముగుస్తాయి.

ఇంజను పక్కన, గొట్టాల వెనక, బొటనవేలంత ఇత్తడి కుళాయి ఇంకొకటుంది. ఇంజను లోపలి నీళ్లు అందులోంచే పోవాలి. రేడియేటర్ కుళాయి తిప్పితే రేడియేటరే ఖాళీ అవుతుంది. రెండో దాని గొంతు సున్నం పట్టి పూడుకుపోయింది. యూజీన్ గొణుక్కుంటూ ఇనుపతీగ పెట్టి పొడిచి శుభ్రం చేశాడు.

తర్వాత సీట్లో కూర్చుని స్టార్టర్ తొక్కాడు. ఇంజను మూలిగి ఊరుకుంది. మళ్లీ తొక్కాడు. మళ్లీ మూలిగింది. బ్యాటరీ నీరసపడుతోంది. ఆర్విల్ కిటికీలోంచి చెయ్యి పెట్టి చోక్ సగం లాగాడు.

"రెండుసార్లు ఊరికే తొక్కి వదిలేసి, మూడోసారి తొక్కిపెట్టి చూస్తే?"

మూడోసారికి ఇంజను దగ్గింది, తుమ్మింది, వెనక నుంచి నల్లటి పొగ కక్కింది. ఆ తర్వాత ఒక తీరున పడింది. ఆ చప్పుడు వినగానే లిబ్బీ చేతిలో తుడిచే గుడ్డతోనే వరండాలోకి వచ్చింది. గుడ్డని రెండు చేతులా పట్టుకుని వింటూ నిలబడింది. డార్లీన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న పొద్దున్నే పాలడబ్బాలు ఎక్కించుకుని వెళ్లే చప్పుడు అది. ఆ చప్పుడు మళ్లీ వినగలిగినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక ఆమె బండి మడ్‌గార్డునే నిమిరింది.

మూడింటికి షెరీఫ్ ఆఫీసు నుంచి డిప్యూటీ వచ్చాడు. కాగితం మార్చాలంటే బండి నంబరు ఆయన చూసి రాసివ్వాలి. మా కౌంటీలో ఆ కాలపు బండికి గుర్తు ఇంజను నంబరే. ఆయన పొట్టని జాగ్రత్తగా మడ్‌గార్డు మీద ఆనించి, ఇత్తడి బ్రష్షుతో ఇంజను మీద నూనె గీకి, నంబరు చదివాడు. లుమీర్ కాగితం చూశాడు. మళ్లీ ఇంజను చూశాడు.

"ఇది అది కాదే."

"కాకపోవడమేంటి?" అన్నాడు యూజీన్.

"ఒక్క అంకె కూడా కలవట్లేదు."

ఆర్విల్ ముందుకొచ్చాడు. "జీన్, నేను నీకు ముందే చెప్పాల్సింది, అది..."

"నువ్వుండు ఆర్విల్, ఆయన్ని మాట్లాడనీ," అన్నాడు యూజీన్. ఆర్విల్ వెనక్కి తగ్గాడు. కాసేపు నిలబడి దూడలకి మేత వెయ్యడానికి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే అన్నాచెల్లెళ్లిద్దరూ కోర్టుహౌసులో ఉన్నారు. కిటికీ వెనక గుమాస్తా లొరెట్టా డిప్యూటీ రాసిన చీటీ తీసుకుని లోపలికెళ్లి, అట్టలు ఊడిపోయిన పెద్ద పుస్తకమొకటి రెండు చేతుల మీద మోసుకొచ్చింది. వేలు పెట్టి వెతికింది.

"ఈ నంబరు బండి మన కౌంటీలోనే ఉంది. యాభై ఒకటో సంవత్సరం పికప్. మళ్లీ ఎవరికీ రాసివ్వలేదు, తుక్కు కింద కొట్టెయ్యనూ లేదు. యజమాని మిస్టర్ ఆర్విల్ జె. టీగ్."

టీగ్ అనే ఇంటిపేరు తాము ఎన్నాళ్లుగా పలకలేదో డార్లీన్‌కి అప్పుడు తట్టింది. మధ్యలో 'జె' ఉందని ఆమెకి అసలు తెలియనే తెలియదు.

"అంటే?" అన్నాడు యూజీన్.

"అంటే పుస్తకం లెక్కన మీ షెడ్డులో ఉన్నది మిస్టర్ టీగ్ గారి బండి. ఆయన వచ్చి మీకు రాసిస్తే ప్లేటు ఇవాళే ఇచ్చేస్తాను. నాలుగున్నరకి మూసేస్తాం."

తిరిగొచ్చేటప్పుడు యూజీన్ స్టీరింగుని కొడుతూనే ఉన్నాడు. "మన బండిలో అతని ఇంజను ఎందుకుంటుంది? నాన్న ఇంజనేమైంది? పగిలిందని చెప్పి మార్చేసి, మంచిది అమ్ముకోలేదని ఏంటి నమ్మకం?"

"నోరు ముయ్యి జీన్. అన్నం పెట్టే చేతిని కూడా అనుమానిస్తావు నువ్వు."

"అతనికి అన్నం పెట్టింది మనమే!"

"నువ్వు తింటున్నది ఎవరు దున్నిన పొలంలోది?" అంది డార్లీన్. ఇద్దరూ ఇల్లు వచ్చేదాకా మళ్లీ మాట్లాడుకోలేదు.

లిబ్బీ వంటింటి బల్ల దగ్గర పండుగకి కొలాచీలు చేస్తోంది. పొంగిన పిండి ఉండల మధ్యలో బొటనవేలితో గుంటలు నొక్కి, గసాల ముద్ద పెడుతోంది. యూజీన్ నిలబడే అంతా చెప్పాడు. ఇంజను సంగతీ చెప్పాడు, తన అనుమానమూ చెప్పాడు. ఆమె చివరి గుంట దాకా నొక్కి, వేలు తుడుచుకుంది.

"డార్లీన్, వెళ్లి ఆర్విల్‌ని పిలు."

ఆర్విల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చి, తలుపు పక్కన కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది లిబ్బీ.

"ఎందుకులే లిబ్బీ. ఎప్పటి మాటో."

"ఎప్పటి మాటో అయితే చెప్పడానికేం?" ఆమె కొడుకు వైపు తిరిగింది. "ఆ రాత్రి నీళ్లు దించమని మీ నాన్న ఎవరికి చెప్పాడు?"

"నాకు," అన్నాడు యూజీన్ వెంటనే. "నేను దించాను కూడా. అప్పటికి నాకు పదకొండేళ్లే అయినా బాగా గుర్తుంది. నీళ్లు బూట్ల మీద పడి, లోపలికొచ్చేసరికి మేజోళ్లు గడ్డకట్టాయి. ఆ తర్వాత ఆర్విల్ మళ్లీ బండి తీసి నీళ్లు పోసి ఉంటాడు, దించడం మరిచిపోయాడు. నాన్నే చెప్పాడు కదా."

"బండి ఎవరూ తియ్యలేదు. ఎన్ని కుళాయిలు తిప్పావు?"

"ఒకటే కుళాయి. రేడియేటర్ కింద..."

అక్కడితో ఆగిపోయాడు. నిన్న తనే తీగ పెట్టి పొడిచిన రెండో కుళాయి అతనికి కళ్లముందు కనబడి ఉంటుంది.

"ఆ రోజుల్లో మీ నాన్న బెల్టు ఆ తలుపు వెనకే వేలాడేది," అంది లిబ్బీ. "నీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున ఆర్విల్ వెళ్లి చూసేసరికి ఇంజను పగిలి ఉంది, ఇంజను కుళాయి మూసే ఉంది. నువ్వింకా లేవలేదు. తిన్నగా లోపలికొచ్చి, 'నేను మరిచిపోయాను లుమీర్' అన్నాడు. నేను ఇక్కడే నిలబడి ఉన్నాను. నా కళ్లలోకి చూసి తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని."

"ఇంజను?" అన్నాడు యూజీన్.

"మొక్కజొన్న చేలో నిలబడి ఉంది, కోతకి బండి లేకపోతే కుదరదు. తన బండి ఇంజను ఊడదీసి ఇందులో పెట్టాడు. మీ నాన్న, తప్పు చేశాడు కాబట్టి దిద్దుకుంటున్నాడనుకున్నాడు. ఆ వసంతానికి తన బండేసుకుని ఐడహోలో వాళ్లక్క దగ్గరికి వెళ్లిపోవాల్సిన మనిషి. అక్కడ పొలం కూడా చూసిపెట్టిందామె." ఆమె గసాల గిన్నె దగ్గరికి లాక్కుంది గానీ అందులో చెయ్యి పెట్టలేదు. "మీ నాన్న పోయేదాకా చెప్పొద్దన్నాడు. పోయాక చెబుదాం చెబుదామని నేనే నాన్చాను. మీరు ఆ మాట అని నవ్వినప్పుడల్లా నేను ఏదో పనున్నట్టు వంటింట్లోకి పోయేదాన్ని. తప్పు నాదీ ఉంది."

యూజీన్ లేచి సింకు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. సబ్బు రుద్ది కడిగి, మళ్లీ రుద్దాడు.

"ముప్పై ఏడేళ్లు," అన్నాడు గోడవైపే చూస్తూ. "జనం ముందు... నా పెళ్లి విందులో కూడా అన్నాను ఆ మాట."

"పిల్లాడివి. ఒక కుళాయైనా తిప్పావు కదా," అన్నాడు ఆర్విల్. "అసలు తిప్పనివాళ్లు ఎంతమంది!"

యూజీన్ భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో డార్లీన్‌కి తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

"మరి ఎందుకు ఉండిపోయావు ఆర్విల్?" అని అడిగింది ఆమె. "వసంతం వచ్చాక ఇంకో బండి చూసుకుని వెళ్లిపోవచ్చుగా?"

ఆర్విల్ టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. "ఇంజను ఇక్కడే ఉంది కదా," అన్నాడు.

మూడున్నరకి కోర్టుహౌసు కిటికీ ముందు ముగ్గురూ నిలబడ్డారు. లొరెట్టా కాగితం ఇటు తిప్పి పెట్టింది.

"మిస్టర్ టీగ్, మీరు ఇక్కడ సంతకం పెడితే బండి ష్రామెక్‌లది అయిపోతుంది."

ఆర్విల్ చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. కలం అందుకున్నాడు. అంత పెద్ద విషయమేమీ కానట్టు, విత్తనాల కొట్లో రసీదు మీద గీసినట్టు గీసెయ్యబోయాడు. డార్లీన్ కాగితం మీద అరచెయ్యి పెట్టేసింది.

"వద్దు ఆర్విల్."

"రేపు పదింటికి ఊరేగింపు కదమ్మా. లిబ్బీ ఎదురుచూస్తోంది."

"అమ్మ నీ బండిలోనే వెళ్తుంది. మొన్న కెమెరా నీ చేతికిచ్చి మేం నిలబడ్డాం. నేను చూశాను. చూసి కూడా జుట్టు సర్దుకున్నాను. అప్పట్నుంచి నాకు అన్నం సయించట్లేదు. ఇప్పుడు ఈ కాగితంలోంచి కూడా నీ పేరు తీసేస్తే నేనింక నీ మొహం చూడలేను." ఆమె గొంతు కిటికీలన్నిటికీ వినబడేంత పెద్దదయింది. అక్కడున్నవాళ్లు తిరిగి చూశారు. చూడనీ అనుకుంది.

ఆర్విల్ యూజీన్ వైపు చూశాడు. యూజీన్ అతని వేళ్ల మధ్యలోంచి కలం మెల్లగా తీసి, లొరెట్టా ముందు పెట్టాడు.

"ఆయన పేరు మీదే ఉంచండి," అన్నాడు. "మేం పని చేసిపెట్టాం, అంతే."

"మీరేమంటారు మిస్టర్ టీగ్?"

ఆర్విల్ కళ్లజోడు తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. పుస్తకంలో తన పేరున్న చోటు చదివాడు. నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదివాడు.

"ప్లేటు ఇవ్వండి," అన్నాడు. చివర 'ఏమో' అనలేదు.

శనివారం ఎండ బాగా కాసింది. ఆర్విల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దున తొమ్మిదింటికే స్టీరింగు ముందు కూర్చున్నాడు. నాడీన్ కుట్టిన సీటు మీద కూర్చోవడానికి ముందు, ప్యాంటు వెనక రెండుసార్లు దులుపుకున్నాడు. నాడీన్, డార్లీన్ వెనక గడ్డిమోపుల మీద సర్దుకున్నారు. కొలాచీల పళ్లెం డార్లీన్ ఒళ్లో ఉంది. గాలికి గసాల వాసన వస్తోంది. ముందు క్యాబిన్ వెనక అద్దంలోంచి ఆమెకి ఆర్విల్ తల, పక్కనే అమ్మ తల కనబడుతున్నాయి. లిబ్బీ నీలం గౌను వేసుకుంది. ఇంజను చప్పుడులో ఆమె ఆర్విల్ చెవి దగ్గరకి వంగి ఏదో అంది. ఏమందో వెనక్కి వినబడలేదు. ఆర్విల్ తల మాత్రం కిందికి వంగి, కాసేపటిదాకా పైకి లేవలేదు.

ఈ ఉదయం దక్కినందుకు డార్లీన్ మనసు నిండిపోయింది. తుప్పుకీ, బోల్టులకీ, పొట్ట డిప్యూటీకీ, లొరెట్టా పాత పుస్తకానికీ, అన్నిటికీ పేరుపేరునా దణ్ణం పెట్టుకుంది.

యూజీన్ ఇంకా కింద నిలబడే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఈ బండి ఎక్కీ దిగీ పెరిగినవాడు, ఇవాళ తెరిచి ఉన్న తలుపు ముందు ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయాడు.

"ఎక్కొచ్చా?" అన్నాడు.

"ఎక్కు," అన్నాడు ఆర్విల్. "తలుపు మెల్లగా వెయ్యి."

ష్రామెక్‌ల ఇంట్లో ఆర్విల్ ఒకరికి పని చెప్పడం అదే మొదలు. యూజీన్ ఎక్కి, తల్లి పక్కన కూర్చుని, తలుపు మెల్లగా వేశాడు. సరిగ్గా పడలేదు. తెరిచి, మళ్లీ మెల్లగా వేశాడు.